పెదనాన్న, పరువు, ఒక గుండు కుర్రాడు

మొన్నామధ్య ఒక బుధవారం రాత్రి తొమ్మిదింటి స్టేటస్ కాల్‌కి నేను వెళ్ళలేదు. "పర్సనల్ వర్క్" అని ఒక ముక్క మెసేజ్ పడేసి ఊరుకున్నాను. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదేమో అనుకుని మా టీములో పిల్లలు మర్నాడు పొద్దున్నే పలకరించారు కూడా పాపం. అసలు సంగతేమిటంటే, ఆ టైముకి నేను మా హాల్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. మొహం మీద కాలిన మచ్చ ఉన్న ఓ పదహారేళ్ళ కుర్రాడు వాళ్ళ పెదనాన్న గుడారంలోకి వెళ్ళడానికి ధైర్యం చాలక బయటే ఆగిపోయాడు. వాడు లోపలికి వెళ్తాడా, వెళ్ళడా అని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. పక్కన మా అమ్మాయి. ఇద్దరి మధ్యా జంతికల డబ్బా.

బొమ్మల సీరియల్ అండీ అది. నాకు నలభై ఆరేళ్ళు :-)

సీరియల్ పేరు 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్'. నీలం రంగు మనుషుల సినిమా కాదు, అది వేరే. ఇది 2005 ఫిబ్రవరి నుంచి 2008 జూలై దాకా నికలోడియన్‌లో వచ్చింది. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్జ్కో అనే ఇద్దరు సృష్టించారు. మొత్తం 61 ఎపిసోడ్లు. (చూడనివాళ్ళకి ముందే చెప్తున్నా, ఇక్కడ కథ మొత్తం చెప్పేస్తున్నాను. చూద్దామనుకుంటే ఇక్కడే ఆగిపోండి.)

దీంతో నా పరిచయం ఇప్పటిది కాదు. 2006లో నేను న్యూజెర్సీలో ఉండేవాణ్ణి. ఐదుగురం తెలుగు కుర్రాళ్ళం, రెండు బెడ్రూముల అపార్ట్‌మెంటు, వంట వంతులు, ఒకే ఒక్క టీవీ. మా రూమ్మేట్ ఒకడు శుక్రవారం రాత్రి అయ్యేసరికి ఈ బొమ్మలు పెట్టుకుని కూర్చునేవాడు. బట్టతల మీద నీలం బాణం గుర్తున్న ఓ చిన్న పిల్లాడు గాల్లో ఎగురుతూ ఉండేవాడు. "ఒరేయ్, నీకు పెళ్ళిసంబంధాలు చూస్తున్నార్రా, ఇంకా ఈ బొమ్మలేంట్రా" అని నేనే ఎక్కువ ఏడిపించేవాణ్ణి. ఆ మాటలు మనసులో పెట్టుకోడు కాబట్టి సరిపోయింది. ఈమధ్య వాడికి ఫోన్ చేసి ఇరవై ఏళ్ళ నాటి వెక్కిరింతలన్నింటికీ కలిపి లెంపలేసుకున్నాను.

సరే, అసలు విషయానికొస్తా.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండేళ్ళుగా ఐఐటీ ఫౌండేషన్ అని ఒక చోటికి పంపిస్తున్నాం. బడి అయ్యాక రెండున్నర గంటలు, ఆదివారం పరీక్ష. మొన్న ఫిబ్రవరిలో మా చుట్టాలింట గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర మా బాబాయిగారు ఒకాయన, "ఏమ్మా, ఐఐటీ బొంబాయా, మద్రాసా?" అని సరదాగా అడిగారు. ఇలాంటి ప్రశ్నకి పిల్లలు నవ్వి ఊరుకోవాలని మనం అనుకుంటాం. మా అమ్మాయి మాత్రం, "ఏదీ కాదు తాతయ్యా, నాకు ఆ చదువు ఇష్టం లేదు. నాన్న కోసం వెళ్తున్నాను, అర్థం కూడా కావట్లేదు" అంది. గట్టిగా ఏం అనలేదు. మామూలుగానే అంది. కానీ బంతిలో అందరికీ వినిపించింది. ఎవరో నవ్వారు. ఇంకెవరో "ఈ కాలం పిల్లలు అంతే" అన్నారు. నాకు గోంగూర ముద్ద గొంతు దిగలేదు.

కారెక్కాక నేను అన్న మాట ఇది: "పదిమందిలో నా పరువు తీశావు. నీ మీద పెట్టే డబ్బు దండగ."

వెనక సీట్లో మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఔటర్ రింగు రోడ్డు మీద ఇల్లు చేరేదాకా ఎవరమూ నోరు విప్పలేదు.

ఆ తర్వాత మూడు వారాలపాటు మా అమ్మాయి నాతో మాట్లాడింది రెండే మాటలు. "ఊఁ", "తిన్నా". కోచింగ్‌కి వెళ్ళడం మానలేదు. అదే నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది. అలిగి మానేస్తే అరవొచ్చు. చెప్పింది చెప్పినట్టు చేస్తూ మొహం చూడకుండా ఉంటే ఏమని అరుస్తాం? ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఊరికే వేలాడిపోయే ప్రోగ్రాం లాంటిది అది. లాగ్‌లో ఏమీ ఉండదు, ఎక్కడని వెతుకుతాం?

ఒకరోజు రాత్రి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో చూస్తోంది. నేను వెళ్ళి ఫోన్ లాక్కోబోయే ముందు మా ఆవిడ వంటింట్లోంచే, "ఏమండీ, అరవడం ఎప్పుడూ ఉండేదే. ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి, అదేం చూస్తోందో" అంది. కూర్చున్నాను. తెరమీద గుండు, నీలం బాణం.

"ఈ గుండుగాడు నాకు తెలుసు" అన్నాను.

ఇయర్‌ఫోన్ ఒకటి తీసింది. "నీకెలా తెలుసు?"

న్యూజెర్సీ కథ చెప్పాను. నవ్వలేదు కానీ ఫోన్ పక్కన పెట్టి టీవీ పెట్టింది. అప్పటికి అది రెండు ఎపిసోడ్లే చూసింది, నా కోసం మళ్ళీ మొదట్నుంచి. ఎంతైనా ఇంజినీరు బుర్ర కదా, లెక్క వేశాను. ఒక్కోటి సుమారు ఇరవై మూడు నిమిషాలు, అరవై ఒకటి అంటే 1403 నిమిషాలు, అంటే ఇరవై మూడు గంటల పైచిలుకు. రోజుకొకటి, ఆదివారం రెండు చొప్పున చూస్తే రెండు నెలల్లోపు అయిపోతుంది. ఈ రెండు నెలల్లో ఆ పిల్ల పక్కన రోజూ ఇరవై మూడు నిమిషాలు కూర్చోవడానికి పర్మిషన్ దొరికినట్టే. అంతకుముందు ఏ రెండు నెలల్లోనూ నేను అంతసేపు కూర్చోలేదని అప్పుడే తట్టింది.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. ఆ లోకంలో నాలుగు జాతులు: నీరు, భూమి, అగ్ని, గాలి. కొందరికి తమ తమ భూతాన్ని చేత్తో ఆడించే విద్య ఉంటుంది. నాలుగూ వచ్చినవాడు ఒక్కడే ఉంటాడు, వాడే అవతార్. చనిపోతే ఇంకో జాతిలో మళ్ళీ పుడతాడు. ఈసారి పుట్టినవాడు ఆంగ్, పన్నెండేళ్ళ పిల్లాడు. బాధ్యత మీదపడేసరికి భయపడి పారిపోయి, తుఫానులో చిక్కుకుని, వందేళ్ళు మంచుగడ్డలో నిద్రపోయాడు. లేచేసరికి అగ్నిరాజ్యం వాళ్ళు గాలి జాతి మొత్తాన్నీ చంపేశారు, మిగతా ప్రపంచం మీద యుద్ధం నడుస్తోంది. నీటి తెగకి చెందిన పద్నాలుగేళ్ళ కటారా, వాళ్ళన్నయ్య పదిహేనేళ్ళ సొక్కా వాణ్ణి బయటికి తీస్తారు. వీళ్ళ వెంట పడేవాడు అగ్నిరాజు కొడుకు, పదహారేళ్ళ జూకో. లోకాన్ని కాపాడాల్సిన వాళ్ళకీ, కాపాడకుండా ఆపాల్సినవాడికీ ఎవరికీ ఓటు హక్కు లేదు, డ్రైవింగ్ లైసెన్సు లేదు.

ఇందులో మన వాసన చాలానే ఉంది. పేరే అవతార్. అగ్నిజాతి వాళ్ళ ద్వంద్వయుద్ధాన్ని 'అగ్ని కాయ్' అంటారు. రెండో భాగం చివర్లో పథిక్ అనే గురువు ఆంగ్‌కి ఏడు చక్రాల పాఠం చెప్తాడు, ఒక్కో చక్రాన్నీ ఒక్కో అడ్డంకి మూసేస్తుందని. భయం, అపరాధభావం, సిగ్గు, దుఃఖం, అబద్ధం, భ్రమ, చివరికి మమకారం. "పంచభూతాల్లో ఒకటి తగ్గింది, ఆకాశం ఏదీ?" అని నేను అడిగితే, "నాన్నా, కాళహస్తి వెళ్ళినప్పుడు అది వాయులింగం అన్నావుగా, అయితే అది ఆంగ్ వాళ్ళ గుడి" అంది మా అమ్మాయి. మూడు వారాల తర్వాత దాని నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే. చిదంబరంలో ఆకాశలింగం గురించి చెప్పబోయి ఆగాను. పాఠం మొదలెడితే లేచిపోతుందని భయం.

ఇంకోటి. ఆ విద్యలు ఊరికే చేతులూపడం కాదు. నీటికి తాయ్ చీ, భూమికి హంగ్ గార్, అగ్నికి ఉత్తర షావోలిన్, గాలికి బాగ్వా, ఇలా ఒక్కోదానికి ఒక్కో నిజమైన చైనా యుద్ధవిద్యని ఆధారంగా తీసుకున్నారు. సిఫూ కిసు అనే గురువు దగ్గరుండి కదలికలు చెప్తే, కొరియా స్టూడియోలవాళ్ళు బొమ్మలు గీశారు. అందుకే సౌండ్ తీసేసి చూసినా ఎవడు ఏ జాతివాడో తెలిసిపోతుంది. నీటివాళ్ళు ఎదుటివాడి బలాన్నే మళ్ళించి వాడిమీదికే పంపిస్తారు. భూమివాళ్ళు కాళ్ళు పాతి నిలబడతారు. గాలివాళ్ళు గుండ్రంగా తిరుగుతూ తప్పించుకుంటారు. ఆంగ్ సమస్యలనుంచి కూడా అలాగే తప్పించుకుంటాడు చూడండి. డిజైన్ అంటే అదీ! ఆర్కిటెక్చర్ డాక్యుమెంటులో రాసుకున్నది చివరి ఫంక్షన్ దాకా దిగడం నా ఇరవై మూడేళ్ళ సర్వీసులో చాలా తక్కువసార్లు చూశాను.

మన జాతివాళ్ళకి నచ్చే పాత్ర సొక్కా. ఏ విద్యా రానివాడు. మ్యాపులు, ప్లాన్లు, టైంటేబుళ్ళు వాడి పని. ఒకచోట షెడ్యూలు వెనకబడిందని, పొద్దున్నే ఇంకాస్త ముందు లేవాలి, బాత్రూం విరామాలు తగ్గించుకోవాలి అంటాడు. "అచ్చం నువ్వే" అంది మా అమ్మాయి. ప్రాజెక్ట్ మేనేజర్‌ని అన్న మాట కాబట్టి పట్టించుకోలేదు.

మా అమ్మాయికి ప్రాణం టాఫ్. పన్నెండేళ్ళ గుడ్డిపిల్ల. అరికాళ్ళతో నేల కంపనాలు పట్టి అందరికంటే బాగా చూస్తుంది. డబ్బున్న అమ్మానాన్నలు గడప దాటనివ్వరు. ప్రేమే, కాదనను. కానీ ఆ పిల్ల రాత్రిళ్ళు దొంగచాటుగా వెళ్ళి కుస్తీపోటీల్లో పెద్ద పెద్ద మల్లుల్ని మట్టికరిపిస్తుంటుంది. ఆ సంగతి తెలిసినప్పుడు తండ్రి పొంగిపోతాడనుకున్నాను. కాపలా ఇంకా పెంచుతాడు. తర్వాత ఆయన పంపిన మనుషులే ఆ పిల్లని ఇనప్పెట్టెలో పెట్టి తీసుకెళ్తుంటే, ఇనుములో కూడా మట్టి ఉంటుందని కనిపెట్టి, ఆ పెట్టెని చేత్తో చీల్చుకుని బయటికొస్తుంది. అంతవరకూ ఆ లోకంలో ఎవరికీ చేతకాని విద్య అది. ఆ సీన్ మా అమ్మాయి మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది. నేను జంతికలు తింటున్నట్టు నటించాను.

ఇప్పుడు జూకో దగ్గరికి వస్తాను. వాడికి ఒకటే పాట, "హానర్". మొదటి భాగంలో నోరు తెరిస్తే అదే. అవతార్‌ని పట్టి తెస్తే తండ్రి తనకి హానర్ తిరిగి ఇస్తాడట. మూడో రోజో నాలుగో రోజో మా అమ్మాయి అడిగింది, "హానర్‌ని తెలుగులో ఏమంటారు నాన్నా, గౌరవమా?"

ఆలోచించకుండా, "ఇక్కడ గౌరవం కాదు, పరువు" అన్నాను.

"ఓహో" అంది. కాసేపాగి, "నేను తీసింది అదేనా?" అంది.

చాలాసేపు ఇద్దరం తెరవైపే చూస్తూ కూర్చున్నాం. తెరమీద ఏం జరిగిందో నాకు ఇప్పటికీ గుర్తులేదు.

ఆ రాత్రి పడుకున్నాక ఆ మాట గురించే ఆలోచించాను. పరువు పోతుంది, పరువు తీస్తారు, పరువు నిలబెడతారు, పరువు దక్కించుకుంటారు. మన భాషలో పరువుతో చేసే పనులు ఇవే. ఒక్కటి కూడా ఒంటరిగా, తలుపేసుకుని చేసేది కాదు. అది మన దగ్గర ఉండే వస్తువు కాదు. పదిమంది దగ్గర ఎప్పుడూ తాకట్టులో ఉండేది. దానికి వడ్డీ పిల్లలు కడుతుంటారు.

మొదటి భాగంలో పన్నెండో ఎపిసోడ్ పేరు 'ద స్టార్మ్'. జూకో మొహానికి ఆ మచ్చ ఎలా వచ్చిందో అందులో చెప్తారు. పదమూడేళ్ళప్పుడు బతిమాలుకుని తండ్రి యుద్ధమంత్రాంగంలోకి వెళ్తాడు. ఒక సేనాపతి, కొత్తగా చేరిన కుర్రసైనికుల్ని ఎరగా వేసి చంపిద్దామంటాడు. వాడు ఆగలేక, అది తప్పు, వాళ్ళు మనల్ని నమ్మి వచ్చారు కదా అంటాడు. పెద్దల సభలో నోరు విప్పినందుకు అగ్ని కాయ్ చెయ్యమంటాడు తండ్రి. ఆ ముసలి సేనాపతితో అనుకుని వాడు ధైర్యంగా ఒప్పుకుంటాడు. తీరా వెనక్కి తిరిగి చూస్తే ఎదురుగా కన్నతండ్రి. వాడు మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు, కొట్లాడనంటాడు. తండ్రి వాడి మొహం కాలుస్తాడు. చూడలేక వాడి పెదనాన్న మొహం తిప్పుకుంటాడు.

నిజం మాట్లాడిన పిల్ల, పదిమంది ముందు తండ్రి, మొహం తిప్పుకున్న ఇంకో పెద్దమనిషి. మా కారులో ముగ్గురం ఎక్కడెక్కడ కూర్చున్నామో నాకు కళ్ళకి కట్టింది. నేను ఎవరి మొహమూ కాల్చలేదు, నిజమే. అలా సమర్థించుకోవడానికి నాకు అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషం తర్వాత ఆ సమర్థన నిలవలేదు. మా అమ్మాయి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. నావైపు చూడలేదు. చూసి ఉంటే బావుండేది.

అన్నట్టు ఈ తండ్రి ఓజాయ్ మొహం చాలాకాలం మనకి చూపించరు. నీడగా, మంటల వెనక ఉంటాడు. మూడో భాగంలో చూపిస్తే మామూలు మనిషే, అందగాడు కూడా. నాకు నా చిన్నప్పుడు మా నాన్న అలాగే ఉండేవారు, నీడగా.

మా నాన్న లెక్కల మాస్టారు. ఊళ్ళో సగం మందికి ట్యూషన్ చెప్పినవారు. 1997లో ఎంసెట్‌లో నా ర్యాంకు ఐదంకెల్లో వచ్చింది. నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను" అని అమ్మతో అన్నారు, నాకు వినపడేలా. తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్లో చేర్చారు. ఆ ఏడాదంతా ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ఎత్తి, "మీ అమ్మకి ఇస్తున్నా" అనేవారు. 1998లో మంచి ర్యాంకు వచ్చింది. ఆ రోజు నాన్న నా భుజమ్మీద చెయ్యేసి వీధి చివరిదాకా నడిచారు, మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని. ఇన్నేళ్ళూ ఈ కథని నేను అందరికీ విజయగాథలా చెప్తూ వచ్చాను. ఆయన మౌనం వల్లే బాగుపడ్డానని ఇంటర్వ్యూల్లో కూడా చెప్పాను.

మూడో భాగం మొదట్లో జూకోకి కోరుకున్నవన్నీ దొరుకుతాయి. పెదనాన్నకి ద్రోహం చేసి తండ్రి దగ్గరికి చేరతాడు. తండ్రి మెచ్చుకుంటాడు. పరువు వచ్చేసింది, రాజభవనం, స్నేహితురాలు, పల్లకీ. కానీ వాడు ఎప్పుడు చూసినా కోపంగా ఉంటాడు, ఎవరిమీదో వాడికే తెలీదు. మా అమ్మాయి, "అన్నీ వచ్చాయి కదా, మరి ఎందుకలా ఉన్నాడు?" అని అడిగింది. నాకు వీధి చివర మైసూర్‌పాక్ పొట్లం గుర్తొచ్చింది. ఆ రోజు నేను సంతోషించలేదు. హమ్మయ్య అనుకున్నాను. రెండూ ఒకటి కాదని నలభై ఆరేళ్ళకి తెలిసింది. ఆ కథ మా అమ్మాయికి చెప్పాను. విజయగాథలా కాదు, జరిగింది జరిగినట్టు. "తాతయ్య ఏడాది మాట్లాడలేదా?" అంది నమ్మలేనట్టు. ఆ తాతయ్య దీనికి ఫోన్లో రోజూ పొడుపుకథలు చెప్తారు మరి.

ఇంతకీ పెదనాన్న సంగతి. ఇంగ్లీషులో అందరూ "అంకుల్ ఐరో" అంటారు. మా అమ్మాయీ అంకుల్ అనే అనేది. దానికి లిఫ్ట్‌లో కనపడే ప్రతివాడూ అంకులే. "ఐరో ఓజాయ్‌కి అన్న. మనకైతే పెదనాన్న" అని చెప్పాను. "అంటే పెద్ద నాన్నా?" అంది. అవును, ఆ మాటలోనే నాన్న ఉన్నాడు. ఐరో ఒకప్పుడు గొప్ప సేనాధిపతి. ఆరువందల రోజులు బాసింగ్‌సే నగరాన్ని ముట్టడించి, అక్కడే కొడుకుని పోగొట్టుకుని వెనక్కి తిరిగినవాడు. సింహాసనం తమ్ముడి పాలైంది. వెలివేసిన తమ్ముడి కొడుకు వెంట ఓడెక్కి, వాడి విసుర్లు భరిస్తూ, టీ కాచుకుంటూ తిరుగుతాడు. ఆ పాత్రకి గొంతిచ్చిన మాకో అనే నటుడు 2006 జూలైలో పోయారు. రెండో భాగంలో ఐరో కొడుకు పుట్టినరోజున ఒక్కడూ కొండమీద చెట్టు కింద కూర్చుని ఏడ్చే చిన్న కథని ఆయనకే అంకితమిచ్చారు. అది చూస్తూ మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. చారు పొంగిపోయింది.

ఇక ఆ బుధవారం. జూకో తండ్రిని ఎదిరించి, పదమూడేళ్ళ పిల్లాడి మీద చెయ్యి చేసుకోవడం క్రూరత్వమని మొహం మీదే చెప్పి బయటికొచ్చేశాడు. చివరి యుద్ధానికి ముందు పెదనాన్న గుడారం దొరికింది. లోపల ఆయన గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. వీడు తెల్లారేదాకా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన లేచి అటు తిరిగి కూర్చున్నారు. వీడు ఏడుస్తూ క్షమాపణ మొదలెట్టాడు. వాక్యం పూర్తికాలేదు. ఆయన వెనక్కి తిరిగి, చొక్కా పట్టి లాగి, గట్టిగా హత్తుకున్నారు. కోపం ఎప్పుడూ లేదు, నువ్వు దారి తప్పావేమోనని దిగులే ఉండేదని ఆయన మాటల సారం.

మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను, బాగా మురికి పట్టింది మరి.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు క్షమాపణ చెప్పరు. "అన్నం తిన్నావా?" అంటారు. అదే మన సారీ, పిల్లలే అర్థం చేసుకోవాలి. ఆ సీన్లో కూడా తప్పుచేసింది చిన్నవాడు, క్షమించింది పెద్దాయన. మా ఇంట్లో సీను తిరగబడి ఉంది. దానికి సినిమాల్లో, పురాణాల్లో నాకు రిఫరెన్సు దొరకలేదు. పాజ్ నొక్కాను.

"ఆ రోజు కారులో నేనన్నది తప్పు" అన్నాను. "నువ్వు నిజం చెప్పావు. నాకు సిగ్గేసింది, అది నా సమస్య. దండగ అన్నాను చూడు, అది అసలు అనకూడని మాట."

ఇంకా ఏదో చెప్పబోయాను. "ఊఁ" అంది. కానీ ఈ "ఊఁ" పాత "ఊఁ" కాదు. నా భుజమ్మీద తల పెట్టి, ముక్కు ఎగబీలుస్తూ, "అయితే కోచింగ్ మానేయనా?" అంది.

ఏం చెప్పాలి? ఐరో అయితే టీ పెట్టేవాడు. నాకు నిజంగానే భయం. బయట ఉద్యోగాల పరిస్థితి మీకు తెలియంది కాదు. రేపు నాదే ఎన్నాళ్ళుంటుందో తెలీదు, ఇక దాని కాలానికి ఏం మిగుల్తుందో. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆ భయాన్ని పరువు పేరుతో దానిమీద రుద్దడం అబద్ధం. ఆ మాటే చెప్పాను. అరగంట మాట్లాడుకున్నాం, కొంచెం గొడవ కూడా పడ్డాం. చివరికి తేలింది ఇది: ఫౌండేషన్ మానేస్తుంది, బడి లెక్కలు మాత్రం వారానికి మూడు రోజులు నా దగ్గర. ఒక ఏడాది చూసి మళ్ళీ మాట్లాడుకుంటాం. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. నేను సరైన పని చేశానో లేదో తెలీదు. మధ్యరాత్రి మెలకువొస్తే ఇప్పటికీ గుండె దడే. పక్కింటివాళ్ళ అబ్బాయి మార్కులు చెవిన పడితే నోట్లో పాత మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగుతున్నాను. రోజుకి ఒకసారైనా మింగాల్సొస్తోంది.

ముగింపు విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. ఆంగ్ సన్యాసుల పెంపకం కదా, ఓజాయ్‌ని చంపనంటాడు. మంచిదే. కానీ చివరి నిమిషంలో సింహపు తల ఉన్న ఓ పెద్ద తాబేలు వచ్చి, చంపకుండా అవతలివాడి శక్తి తీసేసే విద్య నేర్పిపోతుంది. రిలీజ్ ముందురోజు రాత్రి పెట్టిన హాట్‌ఫిక్స్‌లా ఉందన్నాను. మా అమ్మాయి ఊరుకోలేదు. రెండో భాగంలో 'ద లైబ్రరీ' ఎపిసోడ్ తీసి, పుస్తకంలో ఆ తాబేలు బొమ్మ ఉన్న చోట ఆపి చూపించింది. అంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో ఉంది, నేనే చదవలేదు. ఇది నాకు కొత్తేం కాదు. అయినా నా అభిప్రాయం నాదే.

దీన్ని 2010లో మనోజ్ నైట్ శ్యామలన్ సినిమాగా తీశాడు. యానాంలాగే పుదుచ్చేరిలో భాగమైన మాహేలో పుట్టినవాడు, పైగా మనవాడు అన్న అభిమానం ఎంత ఉన్నా చెప్పక తప్పదు: వద్దు. ఇరవై ఎపిసోడ్ల కథని రెండు గంటల్లోపు కుక్కి, నవ్వంతా పిండేశాడు. బొమ్మల్లో చామనఛాయగా ఉన్న కటారా, సొక్కాలు తెల్లవాళ్ళయ్యారు, అగ్నిజాతి వాళ్ళు మనలాంటివాళ్ళయ్యారు. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో మనుషులతో ఇంకోటి వచ్చింది, అది నయం. కానీ ముందు బొమ్మలే చూడండి.

మీ ఇంట్లో పదకొండు, పన్నెండు దాటిన పిల్లలుంటే వాళ్ళతో కలిసి చూడండి. రెండే షరతులు. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. ఎపిసోడ్ అయ్యాక నీతి చెప్పకండి, వాళ్ళకి అర్థమైంది మనకంటే ఎక్కువే ఉంటుంది.

అయిపోయిన మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. 98 గురించి అడుగుదామనే చేశాను. "నాన్నా, నేను లాంగ్‌టర్మ్‌లో ఉన్నప్పుడు..." అని మొదలెట్టాను. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "అన్నం తిన్నావురా?" అన్నారు.

తిన్నాను నాన్నా అన్నాను.

దీని తర్వాతి కథ 'ద లెజెండ్ ఆఫ్ కోరా' అట, 52 ఎపిసోడ్లు. రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా క్యాలెండర్‌లో బ్లాక్ చేసేశాను. ఆ టైములో ఎవరూ మీటింగులు పెట్టకండి బాబూ.